ఫిల్టర్ మడతలు విప్పి చూస్తే

గరాజ్ తలుపు పైకి లేస్తోంది. ముందు టైర్లు కనిపించాయి, తర్వాత బంపరు, ఆ పైన హెడ్‌లైట్లు. నారింజరంగు ఇండికేటర్ కూడా ఒకే అద్దం కింద ఇమిడిపోయిన ఆ దీపాలకు ఈ కారు వచ్చిన కొత్తలో వేయించిన గుడ్లని పేరు పెట్టి వెక్కిరించారు. ఇంత దగ్గర నుంచి చూస్తుంటే ఆ పేరు గుర్తుకు రావడం లేదు. వెండిరంగు పోర్షే బాక్‌స్టర్, 2001 మోడల్. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఐదు గేర్ల మాన్యువల్. 84 వేల మైళ్లు తిరిగింది. కొత్తలో 40 వేల డాలర్లు దాటిన బండి. ఇవాళ ఓనరు అడుగుతున్నది 11,500.

డాలస్‌కు ఉత్తరాన ప్లేనోలో ఓ పాత కాలనీ, అక్టోబరు శనివారం పొద్దున. నా పక్కన మా పిన్ని కొడుకు. ఇంటర్ చదివేటప్పుడు పుస్తకాల అట్టల మీద అతికించుకున్న కారు ఇప్పుడు వాడికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"స్టార్ట్ చేయించు అన్నా."

"ఆగరా. ముందు వెనక్కెళ్లి సైలెన్సర్ పైపు ముట్టుకో."

వంగి ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. మేం వచ్చేదాకా ఇంజన్ వేయొద్దని ఓనరుని నిన్ననే అడిగాను. ఆయన స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన, మాట నిలబెట్టుకున్నాడు. వేడెక్కించి పెట్టిన పాత ఇంజన్ చాలా సంగతులు దాచేస్తుంది. రాత్రంతా చల్లబడి ఉన్నదైతే మొదటి నిమిషంలోనే తన ఆరోగ్యం చెప్పేస్తుంది.

స్టీరింగుకి ఎడమ పక్కనున్న తాళం తిప్పి పెద్దాయన సెల్ఫ్ కొట్టాడు. రెండు క్షణాలు చెయిన్ల గలగల, ఆ తర్వాత సర్దుకుంది. పైపులోంచి నీలం కలిసిన పొగ ఒక్కసారి గుప్పుమని వచ్చి ఆగిపోయింది. మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కంగారు పడకు. దీంట్లో సిలిండర్లు పడుకుని ఉంటాయి. అటు మూడు, ఇటు మూడు. బండి ఆగినప్పుడు కాస్త ఆయిలు వాటిలో నిలిచిపోతుంది, స్టార్ట్ చేయగానే అదే కాలుతుంది. ఆగకుండా తెల్లటి పొగ చిమ్మితే అప్పుడు భయపడాలి."

పొగ మళ్లీ రాలేదు. ఇంజన్ నిలకడగా ఆడుతోంది. ఇంజన్ ఎక్కడా అని చూడకండి, కనిపించదు. సీట్ల వెనక, టాపు మడిచే చోటు కింద దాగి ఉంటుంది. ముందు ఒక డిక్కీ, వెనక ఒక డిక్కీ. ఇంజన్‌తో మనకున్న సంబంధమల్లా వెనక డిక్కీలో ఉన్న రెండు మూతలు. ఒకటి ఆయిలు పోయడానికి, రెండోది కూలెంట్ పోయడానికి.

మీరూ వంగండి. ముందు బంపరుకి రెండు పక్కలా ఉన్న కన్నాల్లో టార్చి వేసి చూడండి. ఒక్కోదాని వెనకా ఒక రేడియేటరు ఉంటుంది. ఎడమ దాంట్లో ఎండుటాకులు దట్టంగా పేరుకున్నాయి. తడిసి, ఎండి, మళ్లీ తడిసి అట్టకట్టాయి. టెక్సస్ ఎండల్లో గాలి ఆడని రేడియేటర్ ఇంజన్‌ని వేడెక్కిస్తుంది. ఆ ఆకుల కింద అల్యూమినియం కూడా తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. బంపరు విప్పి శుభ్రం చేయడం ఒక పూట పని. ఎవరూ చేయలేదు. నా పుస్తకంలో రాసుకున్నాను.

వెనక డిక్కీలో తివాచీ ఒక మూల ఎత్తితే కూలెంట్ ట్యాంకు చుట్టూ గులాబీరంగు పొడి గట్టిపడి ఉంది. ప్లాస్టిక్ ట్యాంకు. ఇరవయ్యేళ్లు వేడికి ఉడికి సన్నగా బీటలు వేస్తుంది, కారిన కూలెంటు ఎండి ఇలా మరకవుతుంది. రాసుకున్నాను. టాపు సగం దాకా తెరిపించి, అది మడత పడే చోట వాననీరు పోయే కన్నాలు వెతికాను. కుడి పక్కది శుభ్రంగా ఉంది, ఎడమ పక్కది మట్టితో పూడుకుపోయింది. అది చూడగానే డ్రైవర్ సీటు వెనక్కి జరిపి, కింద తివాచీ మీద అరచెయ్యి గట్టిగా అదిమాను. పొడిగా ఉంది. ఊపిరి పీల్చుకున్నాను. ఈ కార్లో తాళాలనీ, అలారాన్నీ నడిపే కంప్యూటరు పెట్టె ఆ సీటు కింద నేల మీదే ఉంటుంది. కన్నాలు పూడి నీళ్లు లోపలికి వస్తే మునిగేది మొదట అదే. ఆ తర్వాత ఇంజన్ ఎంత బాగున్నా బండి కదలదు.

టాపు వెనక కిటికీ ప్లాస్టిక్. 2003 నుంచి అద్దం వేశారు, దీనికి లేదు. మడత పడిన చోట పసుపు పచ్చని గీత ఉంది గానీ చిరగలేదు. తలుపు పిడి లాగితే అద్దం వేలి మందం కిందికి దిగాలి. ఎడమది దిగింది. కుడిది దిగలేదు, లోపల చిన్న స్విచ్చి పోయినట్టుంది. ఇలాంటివి పదిహేను ఉన్నా నాకు బాధ లేదు. డబ్బు ఖర్చవుతుందేమో గానీ బండి నిలబడిపోదు.

పెద్దాయన లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చాడు. చేతికి బరువుగా ఉంది. కారుని పక్కన పెట్టి గరాజ్ మెట్ల మీద కూర్చుని ఆ ఫైలు చదివాను. మా వాడికి ఓపిక తక్కువ, కారు చుట్టూ తిరుగుతున్నాడు. నాకు మాత్రం ఆ పూట చూసిన వాటన్నిటిలోకీ విలువైనది ఈ కాగితాల కట్టే. మొదటి ఓనరు ప్రతి ఏడాదీ ఆయిలు మార్పించాడు. 61 వేల మైళ్ల దగ్గర నీళ్ల పంపు, థర్మోస్టాట్ వేయించాడు. తర్వాత నాలుగేళ్లు ఒక్క కాగితం లేదు. ఆ తర్వాత ఈ పెద్దాయన చేతికొచ్చింది. అప్పటి నుంచి మళ్లీ వరసగా రసీదులు. ప్రతి దాని వెనకా పెన్సిల్‌తో మైలేజీ రాసి పెట్టాడు. ఆ నాలుగేళ్ల ఖాళీ గురించి అడిగాను. మధ్యలో ఒకతను కొని ఎక్కువగా షెడ్డులోనే పెట్టి ఉంచాడని విన్నానన్నాడు. సీళ్ల విషయంలో అది మంచి కబురు కాదు. తిరగని బండిలో రబ్బరు గట్టిపడుతుంది, ఆయిలులో తేమ చేరుతుంది.

ఫైలు మూసే ముందు మా వాడు నా భుజం మీదుగా వంగాడు. "బేరింగ్ మార్చినట్టుందా?"

లేదు. వాడి ముఖం వాడిపోయింది.

వాడిని నిద్ర పోనివ్వకుండా చేస్తున్నది ఆ బేరింగే. ఈ మోడల్ కొనాలనుకునే వాళ్లందరిదీ అదే భయం. అందుకే ఇంత మంచి కారు ఇంత చవగ్గా దొరుకుతోంది. 1993లో డెట్రాయిట్ షోలో నమూనాగా కనిపించి, 1996లో రోడ్డెక్కి, నష్టాల్లో ఉన్న పోర్షే కంపెనీని ఒడ్డున పడేసిన కారు ఇది. మొదటి తరం బండ్లు లక్షా అరవై వేలకు పైగా తయారయ్యాయి. జర్మనీలో చోటు చాలక ఫిన్లాండ్‌లో కూడా కట్టించారు. ముందు అద్దం మూల నుంచి కనిపించే నంబరులో పదకొండో అక్షరం చూడండి. 'యు' అని ఉంటే ఫిన్లాండ్‌లోని ఉసికౌపుంకి ఫ్యాక్టరీ, 'ఎస్' అని ఉంటే స్టుట్‌గార్ట్. మా ముందున్నది ఫిన్లాండ్‌ది. ముందు సగం అప్పటి 911తో పంచుకున్నదే. ఇంజన్ కూడా ఆ కుటుంబానిదే, 2.7 లీటర్లు, 217 హార్స్ పవర్. ఆ ఇంజన్‌తో పాటే ఆ బేరింగూ వచ్చింది.

దాని పని ఇదీ. క్రాంక్ షాఫ్ట్ తిరిగితే చెయిన్ ద్వారా దాని కిందున్న మరో షాఫ్టు తిరుగుతుంది. ఆ మధ్య షాఫ్టు నుంచి మళ్లీ చెయిన్లు రెండు పక్కలా ఉన్న కామ్ షాఫ్టులను తిప్పుతాయి. మధ్య షాఫ్టుకి గేరుబాక్సు వైపు చివర ఒక బాల్ బేరింగ్ ఉంటుంది. రెండు పక్కలా సీళ్లు వేసి, లోపల గ్రీజు పెట్టి మూసేసిన రకం. ఏళ్లు గడిచే కొద్దీ సీలు గట్టిపడుతుంది, వేడి ఆయిలు సందు చేసుకుని లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది. పోనీ ఆయిలైనా ధారాళంగా అందుతుందా అంటే సీలు అడ్డం. లోపలికి పోయింది అక్కడే నిలిచి పాడవుతుంది. గుండ్లు అరుగుతాయి. బేరింగ్ చెదిరిన రోజున షాఫ్టు ఒరిగి, చెయిన్ టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అంతటితో ఇంజన్ పోయినట్టే. మరో ఇంజన్ వేయించాలంటే కారు ధరకు మించిన ఖర్చు.

మొదట్లో రెండు వరసల గుండ్లున్న బేరింగ్ వేశారు, అది గట్టిది. 2000 ప్రాంతం నుంచి ఒక వరసదానికి మారారు, పేచీ ఎక్కువగా దానితోనే. అమెరికాలో ఇది కోర్టుకెక్కి 2013లో రాజీ కుదిరింది. 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 దాకా తయారైన బాక్‌స్టర్‌లకూ, 911లకూ ఆ ఒప్పందం వర్తించింది. తర్వాత పెద్ద బేరింగ్ వేశారు, 2009లో వచ్చిన కొత్త ఇంజన్‌లో అసలు ఆ షాఫ్టునే ఎత్తేశారు. మా ముందున్నది సరిగ్గా మార్పు జరిగిన రోజుల నాటి బండి. రెండు వరసలదో ఒక వరసదో గేరుబాక్సు దింపితే గానీ ఖాయంగా తెలియదు.

మా వాడికి ఇదంతా తెలుసు. నాకంటే ఎక్కువే చదివాడు. వాడికి చెప్పాలనుకున్నది వేరు. ఆ ఒక్క బేరింగ్ మీదే చూపు నిలిపి, బేరింగ్ మార్చాం అనే మాట వినపడగానే కళ్లు మూసుకుని కుళ్లిన బండి కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తివాచీ కింద నీళ్లు చూడరు, రేడియేటర్లో ఆకులు చూడరు, నాలుగేళ్ల ఖాళీ చూడరు. బేరింగ్ గండం కంటికి కనిపించదు. కంటికి కనిపించేవి ముప్పై ఉన్నాయి. ముందు వాటి సంగతి తేల్చుకుంటే, మిగిలిన ఆ ఒక్కదానికి ఎంత డబ్బు పక్కన పెట్టాలో తెలుస్తుంది.

"తోలి చూడు" అన్నాను.

పెద్దాయన వాడి పక్కన కూర్చున్నాడు. మూడో సీటు లేదు కాబట్టి నేను నా కార్లో వెనకే వెళ్లాను. గతుకుల దగ్గర వెనక చక్రాలు ఎలా సర్దుకుంటున్నాయో, బ్రేకు పడితే బండి పక్కకు లాగుతోందా, గేరు మారినప్పుడు పొగ వస్తోందా అని చూస్తూ వచ్చాను. తిరిగొచ్చి దిగిన మా వాడి ముఖంలో పొద్దుటి భయం సగం పోయింది.

"మూడులో పైదాకా వెళ్లాను. ఆ శబ్దం సరిగ్గా మన తల వెనకాలే అన్నా."

"రెండోది పడేటప్పుడు?"

"చల్లగా ఉన్నప్పుడు కొంచెం మొరాయించింది. వేడెక్కాక బాగుంది."

ఈ గేరుబాక్సులో అది మామూలే. రాసుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి పోర్షేలు మాత్రమే చేసే ఓ చిన్న షెడ్డుకి తీసుకెళ్లాం. కొనకముందే పరీక్ష చేయించుకోవడానికి 300 డాలర్లు. పదివేల బండికి ఇంకో మూడు వందలా అని గొణిగేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ పూట పెట్టిన ఖర్చులన్నిటిలో ముందు పెట్టాల్సింది ఇదే. మెకానిక్ అరవై దాటిన మనిషి. మాటలు తక్కువ. కారుని లిఫ్టు మీద పైకెత్తి కింద అల్యూమినియం రేకులు విప్పేశాడు. రండి, కిందికి రండి, తల జాగ్రత్త.

ఇంజనూ గేరుబాక్సూ కలిసే అతుకు దగ్గర టార్చి నిలిపాడు. తడిగా ఉంది. బొట్టు కట్టలేదు గానీ చెమ్మ ఉంది. ఆ తడి క్రాంక్ షాఫ్ట్ వెనక సీలుదైనా కావచ్చు, మన బేరింగ్ మూతదైనా కావచ్చు. దింపితే గానీ చెప్పలేనన్నాడు. వెనక ఇరుసు రబ్బరు బూట్లు చిరగలేదు. టైర్ల మీద మందం బాగానే ఉంది గానీ పక్కన ముద్రించిన నాలుగంకెలు 2316. అంటే 2016లో ఇరవై మూడో వారం. గోరుతో నొక్కితే గోడల మీద సన్నటి పగుళ్లు తెరుచుకుంటున్నాయి. ఎంత మందం ఉన్నా అవి మార్చాల్సిందే.

కిందికి దింపి కంప్యూటరు తగిలించాడు. ఈ ఇంజన్ కంట్రోలు పెట్టె తనని ఎవరైనా హద్దు మీరి తిప్పితే గుర్తు పెట్టుకుంటుంది. నాలుగో గేరులోంచి మూడుకి బదులు పొరపాటున ఒకటిలో వేసి క్లచ్ వదిలితే ఇంజన్ తిరగకూడని వేగంతో తిరుగుతుంది. ఎన్నిసార్లు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక అన్నది అందులో రాసి ఉంటుంది. ఇందులో అలాంటివి కొన్ని ఉన్నాయి. అన్నీ పాతవే, ఆ తర్వాత ఇంజన్ వందల గంటలు సాఫీగా నడిచింది. కామ్ షాఫ్టుల లెక్క రెండు పక్కలా హద్దులోనే కదలకుండా నిలబడింది. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీయించాడు. మూత కొద్దిగా పట్టుకుని వదిలింది. అదే గట్టిగా పీల్చి చేతికి రాకపోతే ఆయిలునీ ఆవిరినీ వేరు చేసే భాగం చెడిపోయినట్టు. ఆగని తెల్లపొగ వచ్చేది దాని వల్లే. ఇది బాగుంది.

చివరికి ఆయిల్ ఫిల్టర్. ఇంజన్ అడుగున ప్లాస్టిక్ డబ్బా విప్పి, లోపలి కాగితపు ఫిల్టర్ తీసి, నూనె కారనిచ్చి, కత్తితో కోసి మడతలన్నీ బల్ల మీద పొడుగ్గా పరిచాడు. పైన దీపం దగ్గరికి లాగాడు. షెడ్డులో మిగతా పనులన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి. మేం ముగ్గురం ఆ కాగితం మీదికి వంగాం.

తళుకు కనిపిస్తే చెడ్డది. సన్నటి వెండి పొడి అయస్కాంతానికి అంటుకుంటే మరీ చెడ్డది, బేరింగ్ అరిగిపోతోందన్న మాట. మడత మడతా వేలితో విప్పుతూ వెళ్లాడు. నల్లటి నూనె, ఇంకా నల్లటి నూనె. ఒకచోట గోధుమరంగు ముక్కలు, ఆవగింజంతవి నాలుగైదు. మా వాడు ఊపిరి బిగబట్టాడు. మెకానిక్ ఒకటి తీసి గోటి కింద నలిపాడు. నలిగింది. ప్లాస్టిక్. చెయిన్‌ని బిగుతుగా పట్టుకునే మెత్తల నుంచి ఊడేది, ఈ వయసుకి మామూలు. అయస్కాంతం పైనుంచి కిందికి రెండుసార్లు నడిపాడు. ఏమీ రాలేదు.

"ఇవాళ్టికి బాగుంది" అన్నాడు. ఆ రెండు మాటలు కాక ఇంకొకటి చెప్పలేదు. అందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

అప్పుడే తెనాలి నుంచి బాబాయి వీడియో కాల్. అక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టలేదట. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు కంటే ముందు నన్ను అడిగారు.

"ఏరా అబ్బాయ్, ఆయిలు వేలి మీద రుద్ది చూశారా?"

"చూశాం బాబాయ్. గరగర లేదు."

"నీళ్ల జాడ?"

"లేదు."

"మరి వాడెందుకు అలా ఉన్నాడు?"

ఫోను కొడుక్కి ఇచ్చాను. బాబాయి గొంతు షెడ్డంతా వినిపిస్తోంది. "ఒరేయ్ నాన్నా, డిపోలో మా బస్సులు పది లక్షల కిలోమీటర్లు తిరిగేవి. పాతవని కాదు, ఫలానా కిలోమీటర్లకి ఫలానాది మార్చాలని రాసుండేది. పోయేదాకా ఆగలేదు. నీకు మార్చే స్తోమత ఉంటే కొనుక్కో. కొన్నాక చేతిలో ఎంత ఉంటుంది?"

వాడి దగ్గర ఉన్నది మొత్తం 14 వేలు. బాబాయి అడిగిన ప్రశ్న నేను పొద్దున్నే అడగాల్సింది. ఇలాంటి బండికి డబ్బంతా ధరకే పోతే కొనకూడదు, ఎంత చవగ్గా వచ్చినా సరే. తక్కువ జీతాల కుర్రాళ్లు స్పోర్ట్స్ కారు కొనుక్కుని ఆరు నెలల్లో రిపేరు చేయించలేక సగానికి అమ్ముకోవడం నేను చూశాను. ఆ సగం ధర చూసి ఇంకొకడు కొంటాడు. ఆ కార్లు చేతులు మారిన కొద్దీ పాడవుతాయి. తప్పు కార్లది కాదు.

మెకానిక్ అంచనా రాసిచ్చాడు. క్లచ్, వెనక సీలు, బేరింగ్ మూడూ కలిపి 3,200. గేరుబాక్సు దింపాక మూడూ అక్కడే కనిపిస్తాయి కాబట్టి కూలి ఒక్కసారికే. కూలెంట్ ట్యాంకు 650. టైర్లు 900. రేడియేటర్ శుభ్రం, తలుపు స్విచ్చి కలిపి 300.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని మళ్లీ ప్లేనో. బేరం ఆడటానికి మా వాడికి మొహమాటం. నేను కాగితం పెద్దాయన ముందు పెట్టి ఊరుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదివాడు.

"బేరింగ్‌కి తగ్గించను. అది పాడవలేదు, మీ భయానికి నేను డబ్బులివ్వలేను. టైర్లు నిజం, ట్యాంకు నిజం, ఆకులు కూడా నిజమే, సిగ్గుగా ఉంది. ఆ సీలు తడి కూడా ఒప్పుకుంటాను."

న్యాయమైన మాట. భయం చూపించి బేరం ఆడటం నాకూ ఇష్టం లేదు. 9,400 దగ్గర చేతులు కలిశాయి. సోమవారం బ్యాంకు చెక్కు, టైటిల్ వెనక సంతకాలు, కౌంటీ ఆఫీసులో 130-యు ఫారం, 6.25 శాతం పన్ను. కార్ల కాగితాల పని ఎక్కడైనా ఒకటే, క్యూలో నిలబడితే అయిపోతుంది.

గేరుబాక్సు దింపే రోజు సెలవు పెట్టి వచ్చాడు మా వాడు. మెకానిక్ మమ్మల్ని పసుపు గీత అవతల నిలబెట్టాడు. జాకీ మీద గేరుబాక్సు మెల్లగా వెనక్కి జారి కిందికి దిగింది. క్లచ్ ప్లేటు చూపించాడు. సగానికి పైనే మిగిలి ఉంది. అయినా మార్చేద్దాం, దీనికోసం మళ్లీ ఇదంతా విప్పొద్దన్నాడు. ఫ్లైవీలు తీశాడు. దాని వెనక అరచేతిలో పట్టేంత మూత, మూడు బోల్టులు. చుట్టూ ఆయిలు తడి. ఈ మూత ఊరికే తీయకూడదు. ముందు క్రాంక్ షాఫ్ట్‌ని చీలతో కదలకుండా బిగించాడు, కామ్ షాఫ్టులకు కూడా తాళం వేశాడు, చెయిన్ టెన్షనర్లు వదులు చేశాడు. ఒక్క పన్ను జారినా టైమింగ్ పోతుంది. ఈ పని వచ్చిన చేతికే ఇవ్వమని మా వాడికి మొదటి నుంచీ చెప్పింది ఇందుకే. బేరింగ్ ఖరీదు పెద్దదేం కాదు, మనం డబ్బు పోసేది ఆ తాళాలు సరిగ్గా వేసే మనిషికి.

పుల్లర్ బిగించి తిప్పాడు. టప్పుమని చిన్న శబ్దంతో బేరింగ్ బయటికొచ్చింది.

ఒక వరసదే.

గుడ్డతో తుడిచి మా వాడి చేతిలో పెట్టాడు. "తిప్పు." వాడు వేలు పెట్టి తిప్పాడు. నేనూ తిప్పాను. మీరు కూడా తిప్పి చూస్తే తెలిసేది, మంచి బేరింగ్ తిరుగుతున్నట్టు తెలియకుండా తిరుగుతుంది. దీంట్లో ఎక్కడో సన్నగా గరుకు. ఊగడం లేదు, గుండ్లు చెదరలేదు. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనతో సీలు లేపాడు. గ్రీజన్న మాటే లేదు. లోపల నల్లటి ఆయిలు, మాడిన వాసన.

"ఇంకెన్నాళ్లు ఆడేది?" మా వాడు అడిగాడు.

"లక్ష మైళ్లు ఆడేదేమో. వచ్చే నెల పోయేదేమో. ఇప్పుడు అక్కర్లేని ప్రశ్న."

కొత్తది పెట్టెలోంచి తీశాడు. ఉక్కు రింగుల మధ్య నల్లటి సిరామిక్ గుండ్లు. ఇంజన్ వైపు సీలు తీసేసి బిగించాడు, శుభ్రమైన ఆయిలు ఎప్పటికప్పుడు అందేలా. వెనక సీలు కొత్తది, మూత కొత్తది, బోల్టులు కొత్తవి. సాయంత్రానికి గేరుబాక్సు ఎక్కింది. బిల్లుతో పాటు ఒక కాగితం మీద రాసిచ్చాడు. అయిదు వేల మైళ్లకి గానీ ఆరు నెలలకి గానీ, ఏది ముందైతే అప్పుడు ఆయిలు, ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూడాలి. వేసవి వచ్చే లోపు నీళ్ల పంపు, వేసి చాలా ఏళ్లయింది కాబట్టి. కూలెంట్ ట్యాంకు దానితో పాటే. అన్నిటికీ కింద గీత గీసి రాశాడు. బండిని నిలబెట్టొద్దు, వారానికి రెండుసార్లైనా వేడెక్కేదాకా తోలాలి.

"ఆఫీసుకి తీసుకెళ్లొచ్చా?" మా వాడి అనుమానం.

"ఆఫీసుకే తీసుకెళ్లాలి."

టాపు దించి బయటికొచ్చాం. ఎండ దిగిపోయింది, గాలి చల్లగా ఉంది. హైవే ఎక్కే మలుపులో వాడు రెండులోంచి మూడుకి వేశాడు, ఈసారి ఎక్కడా మొరాయించలేదు. తల వెనక ఆరు సిలిండర్లు గొంతు పెంచాయి. ఇన్నాళ్లూ ఏ శబ్దం విన్నా ఉలిక్కిపడిన మనిషి ఇప్పుడు ఆ శబ్దాన్నే వింటున్నాడు, ముఖం వెలిగిపోతోంది. తెనాలికి ఫోను కలిపి, సీట్ల మధ్య నుంచి వెనక్కి పట్టుకున్నాను.

బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. గాలి హోరులోంచి ఇంజన్‌ని వేరు చేసుకుని వింటున్నారని తెలుస్తూనే ఉంది.

"ట్యాపెట్లు బాగున్నాయి. చెయిన్ కూడా." తర్వాత గొంతు పెంచారు. "మూడులోనే ఉన్నాడా? ఇంకొంచెం తొక్కమను."